పదిహేను సెకన్ల పలకరింపు

డిసెంబరులో ఒక ఉదయం, ఎండ ఇంకా పడకముందు, హైదరాబాదులో ఒక హామ్ రేడియో అభిమాని కంప్యూటర్ తెర మీద ఈ తరహా వరస ఒకటి పడిందనుకోండి:

004515   -17   0.3   1286   సీక్యూ ఎల్‌యూ... జీఎఫ్05

కొత్తవాళ్ళకు ఇది బోధపడని అంకెల గుంపు. అలవాటున్నవాళ్ళకు మాత్రం చేతిలో కాఫీ గ్లాసు పక్కన పెట్టించే కబురు. అర్జెంటీనాలో బ్యూనస్ ఐరిస్ ప్రాంతం నుంచి ఎవరో ‘వింటున్నవాళ్ళు ఎవరైనా ఉన్నారా’ అని పిలుస్తున్నారు. ఆ పిలుపు సుమారు 15,300 కిలోమీటర్లు దాటి వచ్చింది. మధ్యలో ఉపగ్రహం లేదు, సముద్రం అడుగున కేబుల్ లేదు, సెల్ టవర్ లేదు. అక్కడొక తీగ, ఇక్కడొక తీగ, నడుమ ఆకాశం.

అర్జెంటీనాతో మాట్లాడటం ఈ రోజుల్లో వింతేం కాదు. ఫోన్లో ముఖాలు చూసుకుంటూ గంటలకొద్దీ మాట్లాడుకోవచ్చు. ఈ రేడియో పద్ధతిలో పంపుకునేదల్లా పేరుకు బదులు ఒక కాల్‌సైన్, ఉన్న చోటు, సిగ్నల్ ఎంత బలంగా అందిందో చెప్పే అంకె, చివర్లో ఒక శుభాకాంక్ష. అంతకుమించి ఊసుల్లేవు. అయినా ప్రపంచమంతటా వేలమంది రోజూ దీని ముందు కూర్చుంటున్నారు. ఎందుకో తెలియాలంటే ఆ వరసనే ఒక్కో ముక్కా విప్పి చూడాలి. వాళ్ళు మరిగింది మాటల రుచి కాదని, ఆ మాట వచ్చిన దారి రుచి అని అప్పుడు అర్థమవుతుంది.

హామ్‌లు, ఎఫ్‌టీ8

రేడియో తరంగాలతో ప్రయోగాలు చేసుకోవడానికి, ఒకరినొకరు పలకరించుకోవడానికి ప్రభుత్వం దగ్గర లైసెన్సు తీసుకున్నవాళ్ళను హామ్‌లంటారు. ఈ లైసెన్సుతో వ్యాపారం చేయకూడదు, రహస్య సంకేతాల్లో మాట్లాడకూడదు. మన దేశంలో కేంద్ర టెలికాం శాఖలోని డబ్ల్యూపీసీ విభాగం పరీక్ష పెట్టి లైసెన్సు ఇస్తుంది. దాంతోపాటు వచ్చే కాల్‌సైనే రేడియోలో ఆ మనిషికి పేరు. మనవాళ్ళవి ఎక్కువగా వీయూ అని, అర్జెంటీనావాళ్ళవి ఎల్‌యూ అని మొదలవుతాయి.

మోర్స్ కోడ్, మాట – ఈ రెంటితో మొదలైన హామ్ రేడియోలో తరవాత టెలిప్రింటర్లు వచ్చాయి, ఆపైన కంప్యూటర్లు వచ్చాయి. 1998లో పీటర్ మార్టినెజ్ అనే బ్రిటిష్ హామ్ పీఎస్‌కే31 అనే పద్ధతిని అందించాడు. సౌండ్‌కార్డు ఉన్న మామూలు కంప్యూటర్‌తో, కీబోర్డు మీద టైపు చేసుకుంటూ ఖండాంతరాలు మాట్లాడుకునే వీలు దాంతో కలిగింది. 2001లో జో టేలర్ రంగంలోకి దిగాడు. ఆయన అప్పట్లో ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయంలో ఖగోళ భౌతిక శాస్త్రవేత్త. 1974లో రసెల్ హల్స్‌తో కలిసి, మరో నక్షత్రం చుట్టూ తిరిగే పల్సార్‌ను మొదటిసారి కనిపెట్టాడు. అందుకు 1993లో ఇద్దరికీ నోబెల్ బహుమతి వచ్చింది. పల్సార్ల నుంచి వచ్చే సిగ్నళ్ళు అతి నీరసమైనవి. రొదలో మునిగిపోయిన సిగ్నల్‌ను గణితంతో ఎలా బయటికి లాగాలన్నదే ఆ రంగంలో నిత్యం ఎదురయ్యే సమస్య. టేలర్ చిన్నప్పటి నుంచీ హామ్. వృత్తిలో నేర్చిన విద్యను సరదాకు మళ్ళించి, డబ్ల్యూఎస్‌జేటీ అనే ప్రోగ్రాం రాసి అందరికీ ఉచితంగా ఇచ్చాడు. ఉల్కలు రాలినప్పుడు ఏర్పడే క్షణికమైన జాడల మీంచి, చంద్రుడి ఉపరితలం మీంచి సిగ్నల్ తిప్పి పంపుకోవడానికి మొదట్లో దాన్ని వాడేవారు.

ఆ వంశంలో పుట్టిందే ఎఫ్‌టీ8. స్టీవ్ ఫ్రాంక్, జో టేలర్ కలిసి 2017లో విడుదల చేశారు. ఎఫ్ ఫ్రాంక్‌ది, టీ టేలర్‌ది, ఎనిమిది అందులో వాడే స్వరాల లెక్క. కొద్ది నెలల్లోనే అది హామ్ బ్యాండ్లను, అంటే హామ్‌లకు కేటాయించిన ఫ్రీక్వెన్సీ పరిధులను, ముంచెత్తింది. మన వరస కూడా ఎఫ్‌టీ8దే.

మొదటి అంకె గడియారం

004515 అంటే సమయం: అంతర్జాతీయ ప్రామాణిక కాలం ప్రకారం 00 గంటల 45 నిమిషాల 15 సెకన్లు. మనకు అయిదున్నర గంటలు కలుపుకోవాలి కాబట్టి ఉదయం ఆరుంబావు దాటి 15 సెకన్లు. హామ్‌లు లాగ్ పుస్తకం ఎప్పుడూ ఈ ప్రామాణిక కాలంలోనే రాస్తారు. లేకపోతే ఇద్దరి లెక్కలూ కలవవు.

ఎఫ్‌టీ8లో గడియారం లాగ్ రాయడానికే కాదు, అసలు మాట వినడానికే కావాలి. ప్రతి నిమిషాన్నీ 15 సెకన్ల చొప్పున నాలుగు వంతులు చేశారు. ఒకరు 0, 30 సెకన్ల దగ్గర మొదలుపెట్టి పంపితే, అవతలివారు 15, 45 దగ్గర మొదలుపెట్టి జవాబిస్తారు. ఒకరు పలికేటప్పుడు ఇంకొకరు వినాలి. పంపే పని 12.64 సెకన్లలో ముగుస్తుంది. మిగిలిన రెండు సెకన్ల పైచిలుకులో కంప్యూటర్ విన్నదాన్ని విప్పి తెర మీద పెడుతుంది, ఎవరికి జవాబివ్వాలో మనిషి చూసుకుంటాడు. సిగ్నల్ ఎప్పుడు మొదలవుతుందో ముందే తెలియడం వల్ల ప్రోగ్రాం దాన్ని వెతుక్కునే పని సగం తగ్గుతుంది.

మూడో అంకె 0.3 కూడా కాలానిదే. వాళ్ళ గడియారానికీ మన గడియారానికీ, దారిలో పట్టిన సమయంతో కలిపి, 0.3 సెకను తేడా ఉందని అర్థం. ఇది రెండు, రెండున్నర సెకన్లు దాటితే సిగ్నల్ ఎంత బలంగా వచ్చినా తెర మీద అక్షరం పడదు. కొత్తవాళ్ళు రేడియో, కేబుళ్ళు, యాంటెనా అన్నీ విప్పి చూసి, చివరికి తప్పంతా కంప్యూటర్ గడియారానిదని తెలుసుకోవడం ఈ సరదాలో మామూలే.

రొదలో యాభయ్యో వంతు

రెండో అంకె -17. ఇది డెసిబెల్ లెక్క. డెసిబెల్‌లో ప్రతి పదీ పది రెట్లు. మైనస్ పది అంటే రొదలో పదో వంతు, మైనస్ ఇరవై అంటే నూరో వంతు. మైనస్ 17 అంటే సిగ్నల్ రొదలో సుమారు యాభయ్యో వంతు. ఎఫ్‌టీ8 మైనస్ 21 దాకా, అంటే దాదాపు నూట పాతికో వంతు దాకా, పట్టుకోగలదు. ఆ స్థితిలో రేడియో స్పీకరులో చెవికి వినిపించేది ఒట్టి హోరు.

రొద కంటే యాభై రెట్లు బలహీనమైనదాన్ని పట్టుకోవడమేమిటి, ఇదేమన్నా గారడీనా అనిపిస్తుంది. లెక్క దగ్గరగా చూస్తే గారడీ విడిపోతుంది. ఆ అంకెలో రొదను 2,500 హెర్ట్జ్ వెడల్పు మీద లెక్కగట్టారు. మనిషి మాటకు పట్టే వెడల్పు సుమారు అంతే గనక అది పాత కొలమానం. కాని ఎఫ్‌టీ8 సిగ్నల్ వెడల్పు 50 హెర్ట్జ్. 2,500లో 50 యాభయ్యో వంతు. కాబట్టి తన 50 హెర్ట్జ్ మేరలో చూస్తే మన అర్జెంటీనా సిగ్నల్ రొదతో సమానంగా ఉంది. ఇంకా లోపలికి వెళదాం. ఆ యాభైలో ఎనిమిది స్వరాలున్నాయి, ఒక్కోదానికీ మధ్య 6.25 హెర్ట్జ్ ఎడం. ఏ క్షణంలోనైనా మోగేది ఒక్క స్వరమే. ఆ ఒక్క స్వరం ఇరుకు సందులో రొద ఎనిమిదో వంతే ఉంటుంది. అంటే అక్కడ సిగ్నల్ రొద కంటే ఎనిమిది రెట్లు ఎక్కువ.

జాతరలో జనం గోల ఎంత ఉన్నా, దూరంగా నిలిపి ఊదుతున్న సన్నాయి స్వరం ఒకటి చెవికి ఆనుతుంది. గోల అన్ని స్థాయుల్లో చెదిరిపోయి ఉంటుంది, స్వరం ఒక్కచోట నిలబడి ఉంటుంది. ఎఫ్‌టీ8 చేసేది ఇదే. సందును ఇరుకు చేస్తుంది, ఒక్కో స్వరాన్నీ 0.16 సెకను నిలిపి పట్టుకుంటుంది. వేగం వదులుకుని దూరం సంపాదిస్తుంది.

నాలుగో అంకె 1286 ఆ సందు ఎక్కడుందో చెబుతుంది. రేడియో 14.074 మెగాహెర్ట్జ్ దగ్గర ఉంది, ఈ సిగ్నల్ దానికి 1286 హెర్ట్జ్ పైన ఉంది. ఒక్క మనిషి గొంతుకు పట్టే జాగాలో ఒకరి పక్కన ఒకరు చొప్పున కొన్ని డజన్ల మంది ఇమిడిపోతారు. కంప్యూటర్ అందరినీ ఒకేసారి విప్పుతుంది. తెర పైభాగంలో ‘వాటర్‌ఫాల్’ అనే బొమ్మ పైనుంచి కిందికి జారుతూ ఉంటుంది. అందులో ప్రతి సిగ్నలూ ఒక సన్నని నిలువు చార. సాయంకాలం బ్యాండు తెరుచుకునే వేళ చారల్లేని చోటు కనిపించడమే కష్టం.

77 బిట్లలో ఇద్దరు మనుషులు

ఇక చివరి ముక్క, సందేశం. సీక్యూ అంటే ‘ఎవరైనా జవాబివ్వండి’ అనే అందరికీ పిలుపు. తరవాత పిలిచేవారి కాల్‌సైన్. చివరి జీఎఫ్05 వారి చిరునామా. భూగోళాన్ని రేఖాంశంలో 2 డిగ్రీలు, అక్షాంశంలో 1 డిగ్రీ చొప్పున గళ్ళు గీసి, ఒక్కో గడికీ రెండక్షరాలు, రెండంకెలు పేరు పెట్టారు. హైదరాబాదు ఎంకే97, విజయవాడ ఎన్‌కే06, విశాఖపట్నం ఎన్‌కే17, తిరుపతి ఎంకే93. బ్యూనస్ ఐరిస్ జీఎఫ్05.

ఈ మొత్తాన్ని ఎఫ్‌టీ8 77 బిట్లలో కుదిస్తుంది. బిట్ అంటే సున్నా లేదా ఒకటి. ఎలా కుదురుతుందో చూడటం ఒక ముచ్చట. మామూలు కాల్‌సైన్‌ల అమరికకు ఒక కట్టుబాటు ఉంది. అక్షరాలు ఎక్కడ రావచ్చు, అంకె ఎక్కడ రావాలి అన్నది లెక్క వేస్తే మొత్తం 26 కోట్ల 21 లక్షల పైచిలుకు కూర్పులు వస్తాయి. 28 బిట్లతో 26 కోట్ల 84 లక్షల సంఖ్యలు రాయొచ్చు. అంటే ఒక్కో కాల్‌సైన్‌కు 28 బిట్లు చాలు, ఇద్దరికి 56. భూగోళం మీది గళ్ళు 180 అడ్డం, 180 నిలువు, మొత్తం 32,400. 15 బిట్లలో 32,768 సంఖ్యలు పడతాయి. గళ్ళకు పోగా 368 మిగిలాయి. వాటినీ ఊరికే వదల్లేదు, సిగ్నల్ బలం అంకెలకూ ‘అందింది’, ‘సెలవు’ అనే మాటలకూ సర్దారు. మిగిలిన ఆరు బిట్లు ఇది ఏ రకం సందేశం వంటి గుర్తులకు. అంతే, 77.

ఈ పొదుపుతో మిగిలిన చోటంతా తప్పులు దిద్దడానికి ఖర్చు పెట్టారు. 77కు 14 తనిఖీ బిట్లు, ఆపైన దిద్దుబాటుకు 83 కలిపితే 174. ఎనిమిది స్వరాల్లో ఒక్కోటి మూడు బిట్లు మోస్తుంది కాబట్టి 58 స్వరాలు. కాలం సరిచూసుకోవడానికి మొదట్లో, మధ్యలో, చివర్లో ఏడేసి చొప్పున ముందే తెలిసిన స్వరాలు 21. మొత్తం 79. ఒక్కోటి 0.16 సెకను చొప్పున 12.64 సెకన్లు. ఇందాక చెప్పిన అంకె ఇక్కడి నుంచే వచ్చింది. సందేశానికి ఉన్న బిట్ల కంటే కాపలాకు ఉన్న బిట్లు ఎక్కువ. అందుకే దారిలో కొన్ని స్వరాలు చెదిరిపోయినా మాట చెడదు. ఎఫ్‌టీ8లో మాట వస్తే మొత్తం వస్తుంది, లేకపోతే అసలు రాదు. పాత పద్ధతుల్లో మాదిరి సగం అక్షరాలు, సగం చెత్త రావడం ఇందులో లేదు.

ఆ పిలుపుకు హైదరాబాదు జవాబిస్తే సంభాషణ ఇలా సాగుతుంది. ‘ఎల్‌యూ గారూ, నేను వీయూ ఫలానా, ఎంకే97.’ పదిహేను సెకన్లకు అటునుంచి: ‘వీయూ గారూ, మీరు నాకు మైనస్ 19తో అందారు.’ ఇటునుంచి: ‘అందింది. మీరు నాకు మైనస్ 17.’ అటునుంచి: ‘అందింది, 73.’ ఇటునుంచి: ‘73.’ డెబ్భై మూడు అంటే తంతి ఆపరేటర్ల కాలం నుంచీ వస్తున్న శుభాకాంక్ష. పిలుపుతో కలిపి ఆరు వరసలు, నిమిషంన్నర. ఇద్దరి లాగ్ పుస్తకాల్లోకీ ఒక్కో పద్దు చేరింది.

ఆకాశంలో దారి

ఇప్పటిదాకా చెప్పుకున్నదంతా కంప్యూటర్ గొప్ప. కాని ఎంత కంప్యూటరున్నా, తరంగం చేరకపోతే విప్పడానికి ఏమీ ఉండదు. రేడియో తరంగం తిన్నగా పోతుంది, భూమి గుండ్రంగా ఉంది. మరి 15 వేల కిలోమీటర్లు వంపు తిరిగి ఎలా వచ్చింది?

1901 డిసెంబరు 12న మార్కోనీ ఇంగ్లండ్ నుంచి అట్లాంటిక్ దాటించి న్యూఫౌండ్‌లాండ్‌లో సిగ్నల్ విన్నానని ప్రకటించినప్పుడు శాస్త్రవేత్తలకు కలిగిన సందేహమూ ఇదే. మరుసటి ఏడాదే కెనెలీ, హెవిసైడ్ విడివిడిగా ఒక ఊహ చేశారు: పైన ఎక్కడో విద్యుదావేశమున్న పొర ఒకటి ఉండి తరంగాన్ని కిందికి తిప్పుతుండాలి. 1924లో ఎడ్వర్డ్ ఆపిల్టన్ ప్రయోగం చేసి ఆ పొర ఉందని రుజువు చేశాడు. 1947లో ఆయనకు నోబెల్ వచ్చింది. ఆ పొరల సముదాయమే అయనోస్ఫియర్, మన పాఠ్యపుస్తకాల్లో ఐనోఆవరణం.

ఈ కథలో హామ్‌లకూ వాటా ఉంది. 1912లో అమెరికా చట్టం వాళ్ళను 200 మీటర్లకు లోపలి తరంగదైర్ఘ్యాలకు నెట్టేసింది. దూరానికి అవి పనికిరావని అప్పటి నమ్మకం. 1921 డిసెంబరులో ఆ ‘పనికిరాని’ తరంగాలతోనే అమెరికా హామ్‌ల సిగ్నళ్ళు స్కాట్లాండ్‌లో వినిపించాయి. 1923 నవంబరులో సుమారు 100 మీటర్ల తరంగదైర్ఘ్యం మీద అమెరికా, ఫ్రాన్స్ హామ్‌లు అటూ ఇటూ మాట్లాడుకున్నారు. షార్ట్‌వేవ్ ప్రపంచమంతా ఆ తరవాతే తెరుచుకుంది.

సూర్యుడి అతినీలలోహిత కిరణాలు, ఎక్స్ కిరణాలు పైవాతావరణంలోని అణువుల నుంచి ఎలక్ట్రాన్లను ఊడగొడతాయి. ఆ ఎలక్ట్రాన్లే తరంగాన్ని వంచుతాయి. సుమారు 60 నుంచి 90 కిలోమీటర్ల ఎత్తులో డీ పొర ఉంటుంది. ఇది వంచదు, మింగుతుంది. ముఖ్యంగా తక్కువ ఫ్రీక్వెన్సీలను పగటిపూట మింగేస్తుంది. దానిపైన ‘ఈ’ (E) పొర. 150 కిలోమీటర్లు దాటాక ఎఫ్ పొర, దూరప్రయాణాలకు ఇదే ఆధారం. ఎఫ్ పొర నుంచి ఒక్క వంపుకు తరంగం మూడు, నాలుగు వేల కిలోమీటర్లు దూకుతుంది. నేలనో సముద్రాన్నో తాకి మళ్ళీ పైకి లేస్తుంది.

సూర్యుడు దిగిపోగానే డీ పొర చప్పున మాయమవుతుంది. అక్కడ గాలి ఒత్తుగా ఉండటంతో ఊడిన ఎలక్ట్రాన్లు తొందరగా తిరిగి కలిసిపోతాయి. ఎఫ్ పొర ఎత్తులో గాలి పలచన, కలవడానికి చాలా సేపు పడుతుంది, కాబట్టి రాత్రి కూడా కొంత నిలుస్తుంది. మింగేది పోయి, వంచేది మిగిలిన వేళే దూరాలకు మంచి ముహూర్తం. మన వరసలోని సమయాన్ని మళ్ళీ చూడండి. హైదరాబాదుకు సూర్యోదయపు అంచు. బ్యూనస్ ఐరిస్‌లో రాత్రి పావు తక్కువ పది. రెంటి నడుమ అతి దగ్గర దారి అరేబియా సముద్రం, ఆఫ్రికా దక్షిణభాగం, దక్షిణ అట్లాంటిక్ మీదుగా పోతుంది, అప్పుడు అదంతా దాదాపు చీకట్లోనే ఉంది. నాలుగైదు దూకుళ్ళు చాలు. మన ఊళ్ళో ఎండెక్కి డీ పొర ముదిరేకొద్దీ ఆ దారి సన్నగిల్లుతుంది. హామ్‌లు తెల్లవారి లేచేది పూజకో నడకకో కాదు, ఈ కాసేపటి కోసం.

తెలుగువాళ్ళు ఎక్కువగా తలుచుకునే అమెరికా దారి దీనికి పూర్తిగా భిన్నం. అట్లాసులో చూస్తే న్యూయార్క్ మనకు పడమర. గోళం మీద దారం పట్టి చూస్తే హైదరాబాదు నుంచి ఆ దారి వాయవ్యంగా లేచి, సుమారు 68 డిగ్రీల ఉత్తర అక్షాంశం దాకా పోయి, ఆర్కిటిక్ వలయం లోపలి నుంచి కిందికి దిగుతుంది. దాదాపు 13 వేల కిలోమీటర్లు. అర్జెంటీనా కంటే దగ్గరే, కాని కష్టం. ధ్రువకాంతులు ఆడే మండలం గుండా పోవాలి. సూర్యుడు కాస్త చెలరేగినా ముందు మూసుకునేది ఈ దారే. 2024 మే 10, 11 తేదీల్లో భూఅయస్కాంత తుఫాను వచ్చి లద్దాఖ్‌లోని హాన్లేలో సైతం ఎర్రని ధ్రువకాంతి కనిపించింది. అలాంటి రోజుల్లో ఉత్తరపు దారుల మీద ఆశ వదులుకోవాల్సిందే.

సూర్యుడి చురుకుదనం సుమారు 11 ఏళ్ళ చక్రంలో హెచ్చుతగ్గులవుతుంది. ఇప్పటి 25వ చక్రం 2019 డిసెంబరులో మొదలైంది. గరిష్ఠ దశకు చేరిందని 2024 అక్టోబరులో నాసా, అమెరికా వాతావరణ సంస్థ నోవా కలిసి ప్రకటించాయి. సూర్యుడి మచ్చలు ఎక్కువున్న ఏళ్ళలో 21, 28 మెగాహెర్ట్జ్ బ్యాండ్లు పగలంతా తెరిచి ఉంటాయి, కొద్ది వాట్లతోనే ఖండాలు అందుతాయి. తగ్గిన ఏళ్ళలో అవే బ్యాండ్లు రోజుల తరబడి మూగబోతాయి.

మన ప్రాంతానికి మరో విశేషం ఉంది. అయస్కాంత భూమధ్యరేఖ భారతదేశపు దక్షిణపు కొసకు దగ్గరగా పోతుంది. తుంబలో రాకెట్ కేంద్రం పెట్టింది అందుకే. ఆ రేఖ దగ్గర అయనోస్ఫియర్ తీరే వేరు. పగలు ఎలక్ట్రాన్లు పైకి లేచి, రేఖకు రెండు పక్కలా గుట్టలుగా పడతాయి, సూర్యాస్తమయం తరవాత పొర అల్లకల్లోలమవుతుంది. తిరుపతి దగ్గర గాదంకిలోని జాతీయ వాతావరణ పరిశోధనశాలలో 53 మెగాహెర్ట్జ్ మీద పనిచేసే పెద్ద రాడార్ ఈ కదలికలను గమనిస్తుంది. వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయం కూడా దశాబ్దాలుగా అయనోస్ఫియర్‌ను చదువుతోంది. సాయంత్రం పూట మన హామ్‌లు సిగ్నల్ వణికిపోతోందని చెప్పుకుంటే, అది శాస్త్రవేత్తలు కొలిచే సంగతే.

మేడ మీది తీగ

ఇంత కథకూ కావలసిన సరంజామా తక్కువే. 14 మెగాహెర్ట్జ్ బ్యాండుకు డైపోల్ యాంటెనా అంటే సుమారు పది మీటర్ల రాగితీగ, మధ్యలో తెగ్గొట్టి కోయాక్స్ కేబుల్ కలిపితే సరి. రెండు వాటర్ ట్యాంకు స్తంభాల మధ్య కట్టేయొచ్చు. రేడియోకూ కంప్యూటర్‌కూ మధ్య శబ్దం అటూ ఇటూ పోయే కేబుల్, జో టేలర్ బృందం ఉచితంగా ఇచ్చే డబ్ల్యూఎస్‌జేటీ-ఎక్స్ ప్రోగ్రాం. పవర్ పది, ఇరవై వాట్లు ఉన్నా ప్రపంచం అందుతుంది, ఇంట్లో వెలిగే ఎల్ఈడీ బల్బుల పాటి కరెంటన్నమాట. రేడియో సంగతికొస్తే హైదరాబాదుకు ప్రత్యేకమైన గర్వం ఉంది. ఇక్కడి అషర్ ఫర్హాన్ రూపకల్పన చేసిన బిట్‌ఎక్స్ అనే చవక రేడియోను అనేక దేశాల హామ్‌లు చేత్తో కట్టుకున్నారు. దాని సంతతిలోని ఎస్‌బిట్‌ఎక్స్‌లో చిన్న రాస్ప్‌బెర్రీ పై కంప్యూటర్, దాంతోపాటు ఎఫ్‌టీ8 లోపలే అమర్చి ఉంటాయి.

చేయి తిరిగినవాళ్ళు మొదట చెప్పే జాగ్రత్త పవర్ గురించి. మాట్లాడేటప్పుడు రేడియోకు మాటకూ మాటకూ మధ్య ఊపిరి దొరుకుతుంది. ఎఫ్‌టీ8 పన్నెండున్నర సెకన్లూ ఆగకుండా పూర్తి పవర్‌తో మోగుతుంది. రేడియో శక్తిలో సగానికి తగ్గించి వాడకపోతే వేడెక్కుతుంది. కంప్యూటర్ నుంచి వచ్చే శబ్దం ఎక్కువైతే సిగ్నల్ పగిలి, పక్కవాళ్ళ సందుల్లోకి చిందుతుంది. రెండో తలనొప్పి ఇంటి రొద. అపార్టుమెంట్లలో చవక ఛార్జర్లు, ఎల్ఈడీ లైట్లు, ఇన్వర్టర్లు, లిఫ్టు మోటార్లు – అన్నీ రేడియోలోకి హోరు పంపేవే. ఇంట్లో ఒక్కో స్విచ్చూ ఆపుతూ వాటర్‌ఫాల్‌లో ఏ చార పోయిందో చూడటం హామ్‌లందరూ చేసే పని. ఇంట్లోవాళ్ళకు అంత నచ్చని పని కూడా.

ఎవరు విన్నారు

పలికాక జవాబు రాకపోయినా ఒక ఆనందం మిగులుతుంది. వేలాది స్టేషన్లు తాము విన్న ప్రతి కాల్‌సైన్‌నూ పీఎస్‌కే రిపోర్టర్ అనే ఉమ్మడి పటానికి తమంతట తామే పంపుతూ ఉంటాయి. ఒక్క సీక్యూ పిలిచి, కొద్ది నిమిషాలకు ఆ పటం తెరిస్తే తన సిగ్నల్ జపాన్‌లో ఎంతమందికి, ఇటలీలో ఎంతమందికి, ఏ బలంతో అందిందో కనిపిస్తుంది. నిన్న తీగను రెండడుగులు పైకెత్తితే ఫలితం ఉందా లేదా అన్నది ఇవాళ తెలిసిపోతుంది.

టేలర్ 2008లో విడుదల చేసిన డబ్ల్యూఎస్‌పీఆర్ ఈ పనికే పుట్టింది. అందులో సంభాషణే లేదు. కాల్‌సైన్, గడి పేరు, ఎంత పవర్ అన్న మూడు ముక్కల్ని దాదాపు రెండు నిమిషాలపాటు నెమ్మదిగా పంపుతుంది. వాటులో అయిదో వంతుతో సముద్రాలు దాటడం అందులో సర్వసాధారణం. హామ్‌లు చిన్న బెలూన్‌కు ఇలాంటి ట్రాన్స్‌మిటర్ కట్టి వదిలితే, అది గాలివాటున భూమిని చుట్టివస్తూ తానెక్కడున్నదీ చెప్పుకుంటూ పోతుంది. ఈ లెక్కలు శాస్త్రానికీ పనికొచ్చాయి. 2017 ఆగస్టు 21న అమెరికా మీదుగా సంపూర్ణ సూర్యగ్రహణం సాగినప్పుడు, నీడ పడిన మేర అయనోస్ఫియర్ ఎలా మారిందో తెలుసుకోవడానికి పరిశోధకులు హామ్‌ల నమోదులను వాడుకున్నారు.

లెక్కల మీద మోజున్నవాళ్ళకు ఇంకో పందెం ఉంది. అమెరికా హామ్‌ల సంఘం ఏఆర్‌ఆర్‌ఎల్ ప్రపంచాన్ని 340 ‘దేశాలు’గా లెక్కగట్టింది. మనుషులుండని దీవులు కూడా అందులో ఉన్నాయి. వాటిలో నూరు అందుకుంటే డీఎక్స్‌సీసీ ధ్రువపత్రం. 2023 ఫిబ్రవరిలో అంటార్కిటికా దగ్గరి బూవే దీవికి ఒక బృందం పడవలో వెళ్ళి ప్రసారం చేసినప్పుడు, చిన్న స్టేషన్లకు ఆ దీవిని అందించిన పద్ధతుల్లో ఎఫ్‌టీ8 ఒకటి.

ఇదేం ముచ్చట అనేవాళ్ళు

హామ్‌ల్లోనే దీన్ని ఒప్పుకోనివాళ్ళు చాలామంది ఉన్నారు. మనుషులు పక్కన కూర్చుంటే కంప్యూటర్లు మాట్లాడుకుంటున్నాయి, ఇందులో పిల్లల సంగతి లేదు, వాన సంగతి లేదు, నైపుణ్యం లేదు అంటారు. మాటల విషయంలో వాళ్ళన్నది నిజం. ఎఫ్‌టీ8లో సొంత మాట పంపాలంటే గరిష్ఠంగా 13 అక్షరాలు. తీరిగ్గా టైపు చేసుకోవాలనేవాళ్ళ కోసం అదే పునాది మీద 2018లో జేఎస్8కాల్ వచ్చింది.

ఆపదలోనూ ఎఫ్‌టీ8 అక్కరకు రాదు. 2004 డిసెంబరులో హైదరాబాదులోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో తరఫున భారతీ ప్రసాద్ బృందం అండమాన్‌లో ఉంది. వెళ్ళింది ఆ దీవులను ప్రపంచ హామ్‌లకు అందించే సరదా యాత్రకు. 26న సునామీ వచ్చి ఫోన్లు తెగిపోయినప్పుడు ఆ బృందమే తమ రేడియోలతో బయటికి కబుర్లు చేరవేసింది. అక్కడ కావలసింది ఫలానావారు క్షేమం, ఫలానాచోట మందులు కావాలి అని చెప్పే మాట. సిగ్నల్ బలం అంకెలు కాదు. ఎఫ్‌టీ8 ఒక్కటే తెలిసిన హామ్ అలాంటి రోజున చేయగలిగింది తక్కువ.

నైపుణ్యం లేదన్న మాట మాత్రం సగమే నిజం. సిగ్నల్ విప్పే నేర్పు చెవి నుంచి ప్రోగ్రాంకు పోయింది. ఏ వేళ ఏ బ్యాండు మీద ఏ దిక్కుకు దారి తెరుచుకుంటుందో తెలిసుండే నేర్పు మనిషి దగ్గరే ఉంది. పైగా ఆ నేర్పు అలవడటానికి ఇంతకంటే మంచి బడి లేదు. పూర్వం పెద్ద యాంటెనా, ఎక్కువ పవర్ ఉన్నవాళ్ళకే చిక్కిన బలహీనమైన దారులు ఇప్పుడు మేడ మీద పది మీటర్ల తీగ ఉన్నవాళ్ళకూ తెలుస్తున్నాయి.

మొదలుపెట్టాలంటే

ఆసక్తి కలిగినవాళ్ళు రేడియో కొనకుండానే చూడొచ్చు. నెదర్లాండ్స్‌లోని ట్వెంటె విశ్వవిద్యాలయంలో ఉన్న షార్ట్‌వేవ్ రిసీవర్‌ను ఎవరైనా ఇంటర్నెట్ ద్వారా తిప్పుకుని వినొచ్చు. దాన్ని 14.074 మెగాహెర్ట్జ్ దగ్గర అప్పర్ సైడ్‌బ్యాండ్‌లో పెట్టి, వచ్చే శబ్దాన్ని కంప్యూటర్‌లోనే డబ్ల్యూఎస్‌జేటీ-ఎక్స్‌కు మళ్ళిస్తే వరసలు పడటం మొదలవుతుంది. ఇంటర్నెట్ ఆలస్యం వల్ల మూడో అంకె కాస్త పెరిగి కనిపిస్తుంది, రెండు సెకన్ల లోపు ఉంటే ఫరవాలేదు. ఒక వారంపాటు వీయూతో మొదలయ్యే కాల్‌సైన్‌లు అక్కడ ఏ గంటకు కనిపించడం మొదలయ్యాయో, ఏ గంటకు మాయమయ్యాయో, ఏ బలంతో వచ్చాయో రాసుకోండి. అదే వారం 7.074, 21.074 మీద కూడా చూడండి. భారత్ నుంచి ఐరోపాకు ఆకాశదారి ఎప్పుడు తెరుచుకుంటుందో, ఎప్పుడు మూసుకుంటుందో మీ చేతిరాతలోనే తేలుతుంది. ఆ పట్టిక చూసి మరో వారం కూడా రాద్దామనిపిస్తే, డబ్ల్యూపీసీ పరీక్షకు పుస్తకం తెచ్చుకోవచ్చు.